అండాశయంలో నీటిబుడగ ఉందంటే వెంటనే ఆపరేషనేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అండాశయం గడ్డల గురించే ఉన్నాయి. అందులో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కర్నూలులో ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లకు వైద్యం చేస్తున్నాను కాబట్టి, ఈ ఉత్తరాల వెనక ఉన్న భయం నాకు తెలుసు.

ప్రశ్న: మేడం గారూ, నాకు 23 ఏళ్లు. ఆదోనిలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. రెండు నెలల కింద పొత్తికడుపులో ఎడమవైపు లాగినట్టు నొప్పి వస్తే స్కానింగ్ తీయించారు. 4.6 సెంటీమీటర్ల సిస్ట్ ఉందన్నారు. చూపించుకున్న చోట "పెళ్లికి ముందే తీయించేయండి, లేకుంటే పిల్లలు పుట్టరు" అన్నారు. అప్పటి నుంచి మా అమ్మ సరిగా అన్నం తినడం లేదు. నాకు సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి బయటికి పొక్కితే ఎట్లా అని ఒకటే టెన్షన్. కరిగిపోవడానికి మాత్రలు ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. అమ్మమ్మ ఆముదం తాగమంటోంది. రిపోర్టు కాపీ పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించండి. ఇప్పుడు మీకు ఆపరేషన్ అక్కర్లేదు. ఇలాంటి బుడగ వల్ల పిల్లలు పుట్టకుండా పోరు.

పీరియడ్స్ వచ్చే వయసులో ప్రతి నెలా అండాశయంలో ఒక చిన్న నీటిబుడగ పెరుగుతుంది. అండం ఉండేది అందులోనే. బుడగ 2 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ అయ్యేసరికి పగిలి అండం బయటికి వస్తుంది. ఒక్కో నెల అది పగలదు, నీరు చేరి ఇంకా పెరుగుతుంది. ఒక్కో నెల పగిలినా, మిగిలిన సంచిలో మళ్లీ నీరో రక్తమో నిండుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో స్కానింగ్ తీస్తే కాగితం మీద "సిస్ట్" అని వస్తుంది. చాలావరకు ఇవి రెండు మూడు నెలసరుల్లో వాటంతటవే పోతాయి.

మీ రిపోర్టులో సైజు కంటే నేను ముందు చూసింది లోపల ఏముందని. "సింపుల్ సిస్ట్", ఒకే గది, పల్చటి గోడ, లోపల తేట నీరు, అడ్డుగోడలు లేవు, గట్టి భాగం లేదు, కడుపులో నీరు లేదు అని రాశారు. ఇవన్నీ మంచి మాటలే. స్కానింగ్ రిపోర్టు చేతికి వస్తే ఎవరైనా సరే ఈ మాటలను వెతకండి. బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం, పీరియడ్స్ వచ్చే వయసులో 5 సెంటీమీటర్ల లోపు సింపుల్ సిస్ట్‌కు సాధారణంగా మళ్లీ స్కానింగ్ కూడా అవసరం లేదు. 5 నుంచి 7 మధ్య ఉంటే ఏడాదికోసారి చూసుకోవాలి. 7 దాటితే ఎమ్మారై తీయించడమో, ఆపరేషన్ గురించి ఆలోచించడమో చేయాలి.

మీకు నొప్పి ఉంది కాబట్టి నేనైతే ఇంకొక్కసారి స్కానింగ్ చూడమంటాను. వచ్చే నెల పీరియడ్స్ ఆగిన రెండు మూడు రోజులకు వెళ్లండి. అప్పుడైతే ఆ నెల కొత్తగా పెరిగే బుడగను పాతదనుకునే పొరపాటు జరగదు. పెళ్లి కాలేదని ముందే చెప్పండి. నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకుని పడుకుంటే పొట్ట మీద నుంచే చూస్తారు.

కరిగించడానికని ఇచ్చినవి గర్భనిరోధక హార్మోన్ మాత్రలు. అవి వాడినా వాడకపోయినా ఇలాంటి బుడగలు పోవడానికి ఒకటే సమయం పడుతుందని పరిశోధనల్లో తేలింది. నెలసరి సరిగా రాకపోవడం లాంటి వేరే కారణం ఉంటే ఆ మాత్రలు ఇవ్వడంలో అర్థముంది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఇక ఆముదం పేగుల మీదే పనిచేస్తుంది, విరేచనాలవుతాయి, నీరసం వస్తుంది. అమ్మమ్మగారికి కోపం రాకుండా మీరే నచ్చచెప్పండి.

అవసరం లేని ఆపరేషన్ వద్దని నేను గట్టిగా అనడానికి కారణం ఉంది. బుడగను ఒలిచి తీసేటప్పుడు దాన్ని అంటుకుని ఉన్న మంచి అండాశయం కూడా కొంత పోతుంది. అందులో అండాలుంటాయి. పిల్లల కోసమని చెప్పి చేసే ఆపరేషనే రేపు పిల్లల విషయంలో ఇబ్బంది తేవచ్చు. పెళ్లి సంబంధాల మాటకొస్తే, ఇది దాచిపెట్టాల్సిన రోగమూ కాదు, చాటింపు వేయాల్సిన సంగతీ కాదు. మిమ్మల్ని చూడటానికి వచ్చే అబ్బాయి అక్కచెల్లెళ్లకు స్కానింగ్ తీస్తే వాళ్లలోనూ ఎవరికో ఒకరికి కనిపించే మామూలు విషయం.

ఒక్క సందర్భంలో మాత్రం ఎదురుచూడకూడదు. కోసిగి వైపు నుంచి సుగ్గికి, గుంటూరు జిల్లాలో మిరపకాయ కోతలకు, పోయిన ఒక అమ్మాయిని చాలా ఏళ్ల కింద నా దగ్గరికి తెచ్చారు. చేలో ఉండగా కడుపులో నొప్పి లేచింది, వెంటనే వాంతులు. కూలి పోతుందని ఆ రోజంతా, మరుసటి రోజూ ఓర్చుకుంది. గడ్డ బరువుకు అండాశయం తడిబట్ట పిండినట్టు మెలిపడి, రక్తం అందక నల్లబడిపోయింది. మేం తెరిచేసరికి దాన్ని మిగిల్చే స్థితి లేదు. ఆ అమ్మాయికి రెండోవైపు అండాశయం బాగుంది, తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. అయినా కొన్ని గంటల్లో వచ్చి ఉంటే మెలి విప్పి దాన్ని కాపాడేవాళ్లం. రంగు మారిన అండాశయం కూడా మెలి విప్పితే చాలాసార్లు కోలుకుంటుంది.

అందుకని ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, దాంతో వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరం, వీటిలో ఏది వచ్చినా తెల్లారనిద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. మత్తు డాక్టరు, రక్తం, ఆపరేషన్ థియేటర్ మూడూ ఉన్న చోటికే నేరుగా వెళ్లడం మంచిది. పెళ్లైనవాళ్లకు ఇంకో మాట. నెల తప్పి, ఇలాంటి నొప్పి వస్తే ముందు మూత్రంలో గర్భ పరీక్ష చేయించాలి. గర్భం ట్యూబులో నిలిచినా నొప్పి ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. పీరియడ్స్ రెండు నెలలకోసారి వస్తాయి. స్కానింగ్‌లో రెండు వైపులా పీసీఓడీ అన్నారు. ఆ బుడగలన్నీ ఆపరేషన్ చేసి తీయించుకోవాలా?
— విద్యార్థిని, అనంతపురం

జవాబు: వద్దమ్మా. మీ అండాశయాల్లో కనిపిస్తున్నవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన చిన్న చిన్న బుడగలు, ఒక్కోటి సెంటీమీటరు కూడా ఉండదు. వాటిని తీసేయడం చికిత్స కాదు. హార్మోన్ల తేడా వల్ల అండం విడుదల కాకపోవడం అసలు సమస్య. ఒక్క స్కానింగ్ చూసి పీసీఓడీ అనకూడదు. నెలసరి తీరు, మొహం మీద వెంట్రుకలు, మొటిమలు, రక్త పరీక్షలు కలిపి చూడాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు చేయించండి. బరువు ఎక్కువుంటే అందులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. హాస్టల్ తిండితో అది కష్టమేనని తెలుసు. కనీసం రాత్రి అన్నం తగ్గించి, రోజూ అరగంట చురుగ్గా నడవండి. మూడు నెలలు దాటినా పీరియడ్స్ రాకపోతే డాక్టర్‌ని కలవాలి, అలా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది.

ప్రశ్న: మేడం, నాకు 34. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. కుడివైపు 7 సెంటీమీటర్ల డెర్మాయిడ్ సిస్ట్ ఉంది, లోపల వెంట్రుకలు ఉన్నాయని చెప్పారు. మా అత్తమ్మ ఎవరో ఏదో పెట్టించారని ఒకటే ఏడుపు. "పిల్లలు చాలు కదా, గర్భసంచి, రెండు అండాశయాలు ఒకేసారి తీసేస్తే మళ్లీ గొడవ ఉండదు" అని ఒక చోట చెప్పారు. తారీఖు కూడా ఇచ్చారు. ఒప్పుకోవచ్చా?
— ఒక గృహిణి, డోన్

జవాబు: అమ్మా, ఆ తారీఖుకు వెళ్లకండి. ముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

అత్తమ్మగారి భయం సంగతి ముందు తేలుద్దాం. అండాశయంలో ఉండే అండాలు తయారయ్యే కణాలకు శరీరంలో ఏ భాగాన్నైనా తయారు చేసే శక్తి ఉంటుంది. వాటిలో ఒకటి దారి తప్పి పెరిగితే కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా తయారవుతాయి. వయసులో ఉన్న ఆడవాళ్లలో మేం తరచుగా తీసే గడ్డల్లో ఇదొకటి. ఎవరూ ఏదీ పెట్టించలేదు, మీరు తిన్నదాని వల్లా రాలేదు. అత్తమ్మగారికి ఇది మీరు చెప్పే కంటే డాక్టర్ నోటితో వినిపిస్తే నమ్ముతారు, వెంట తీసుకెళ్లండి.

డెర్మాయిడ్ దానంతటది పోదు. 7 సెంటీమీటర్లంటే మెలిపడే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఆపరేషన్ చేయించుకోవడం సబబే. కానీ తీయాల్సింది గడ్డను. లాప్రోస్కోపీలో పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, గడ్డను అండాశయం నుంచి ఒలిచి, చిన్న సంచిలో వేసి బయటికి తీస్తారు. అందులోని కొవ్వు కడుపులో చిందితే లోపల వాపు వస్తుంది, అందుకే ఆ సంచి. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతారు. నూటికి సుమారు పదిమందిలో రెండోవైపు కూడా ఇలాంటి గడ్డ ఉంటుంది కాబట్టి అటు కూడా చూడమని అడగండి. తీసిన గడ్డను తప్పకుండా ల్యాబుకు పంపించి, ఆ రిపోర్టు దాచుకోండి.

మీ గర్భసంచికి ఏ జబ్బూ లేదు. ఎడమ అండాశయం బాగుంది. పిల్లలు పుట్టేశారు కాబట్టి వాటి పని అయిపోయిందని ఎవరైనా అంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అండాశయాలిచ్చే ఈస్ట్రోజెన్ ఎముకలను, గుండెను, నిద్రను, మనసును కాపాడుతుంది. మామూలుగా నలభై అయిదు దాటాక ఆగాల్సిన ముట్టు 34కే ఆగిపోతే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ముందుగానే ఎముకలు బోలుగా మారడం మొదలవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది చొప్పున ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. నలభై కూడా నిండకుండా కర్ర పట్టుకుని నా గది మెట్లు ఎక్కే ఆడవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

సంతకం పెట్టే ముందు కాగితం మీద ఏం రాశారో చదివించుకోండి. "గడ్డ మాత్రమే తీయండి, అండాశయం మిగల్చండి, లోపల వేరేలా కనిపిస్తే ముందు మావాళ్లతో మాట్లాడండి" అని అందులో రాయించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల మీకు బస్సులో గంటన్నర దూరం కూడా ఉండదు. రెండో అభిప్రాయానికి గైనిక్ ఓపీలో చూపించుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ముట్టు ఆగి చాలా కాలమైంది. మూడు నెలలుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తింటే నిండిపోయినట్టు ఉంటోంది. గ్యాస్ అని మాత్రలు వేసుకుంది. స్కానింగ్‌లో కుడి అండాశయంలో 8 సెంటీమీటర్ల గడ్డ, లోపల అడ్డుగోడలు, గట్టి భాగం, కడుపులో కొంచెం నీరు అని వచ్చింది. సీఏ 125 అనే రక్త పరీక్ష 210 వచ్చింది. అమ్మ శనగ కోతలు అయ్యాక చూద్దామంటోంది. కత్తి పెడితే పాకుతుందని ఊళ్లో అంటున్నారు.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు దగ్గర పల్లె

జవాబు: బాబూ, కోతల దాకా ఆగకండి. ఈ వారమే బయలుదేరండి.

పైన ఆదోని అమ్మాయికి ఎదురుచూడమన్నాను, మీకు వద్దంటున్నాను. ముట్టు ఆగాక అండం విడుదల కాదు కాబట్టి, నెలనెలా వచ్చిపోయే బుడగ అనుకోవడానికి వీల్లేదు. పైగా గట్టి భాగం, అడ్డుగోడలు, నీరు మూడూ ఉన్నాయి. ఇలాంటప్పుడు మేం ఒక లెక్క వేస్తాం. స్కానింగ్‌లో ఈ లక్షణాలు రెండున్నా, అంతకు మించి ఉన్నా 3 మార్కులే, ముట్టు ఆగినందుకు 3, ఈ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని సీఏ 125తో గుణిస్తాం. మీ అమ్మగారికి 1890 వస్తోంది. 200 దాటితే క్యాన్సర్ సర్జన్ చూడాలి. ఇది క్యాన్సర్ అని తేల్చే లెక్క కాదు, ఆపరేషన్ ఎవరి చేతుల్లో జరగాలో చెప్పే లెక్క. సీఏ 125 కడుపు క్షయలో కూడా పెరుగుతుంది, కాబట్టి అమ్మగారి ముందు ఇప్పుడే క్యాన్సర్ అని ఏడవకండి.

కత్తి పెడితే పాకుతుందన్నది నిజం కాదు. గడ్డ పగలకుండా మొత్తంగా తీయడం మాత్రం చాలా ముఖ్యం. అందుకే చిన్న ఆసుపత్రుల్లో గడ్డలోకి సూది గుచ్చి నీరు తీయడానికి ఒప్పుకోకండి. సూది పరీక్ష అవసరమా కాదా అన్నది సీటీ స్కాన్ చూశాక క్యాన్సర్ డాక్టర్లే తేల్చాలి.

మీకు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వీలవుతుంది, బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి కూడా మీ వైపు నుంచి చాలామంది వెళ్తారు. తిరుపతికి వెళ్తే రేషన్ కార్డు, ఆధార్, ఎన్టీఆర్ వైద్యసేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కార్డు పట్టుకెళ్లి ముందు ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను కలవండి. క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో ఆ పథకంలో ఉన్నాయి. స్కానింగ్ కాగితం ఒక్కటే కాకుండా ఫిల్ములు, రక్త పరీక్షలు, ఆమె వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. అమ్మగారి తరఫున ఎవరికైనా రొమ్ము క్యాన్సరో, అండాశయం క్యాన్సరో వచ్చి ఉంటే అడిగి తెలుసుకుని డాక్టర్‌కు చెప్పండి. ఆసుపత్రిలో ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి.