తోకకు తగిలిన తలుపంటే భయం

ప్రశ్న: మా పిల్లి చిట్టికి నాలుగేళ్లు. మొదటి నుంచీ పిరికిది, ఇంటికి ఎవరైనా వస్తే మంచం కింద దూరిపోతుంది. రెండు నెలల క్రితం వంటగది తలుపుకు క్యాట్ ఫ్లాప్ పెట్టించాం. అదే, తలుపు అడుగున కంత కోసి చిన్న రెక్క బిగిస్తారు కదా, పిల్లి తనంతట తాను నెట్టుకుని వెళ్లి వచ్చేలా. మొదటి వారంలోనే మావారు దాన్ని ఎత్తుకుని మెల్లగా అవతలికి తోశారు, రెక్క టక్కున పడి తోకకు తగిలింది. అంతే, అప్పట్నుంచి ఆ తలుపు దగ్గర గిన్నె పెడితే అన్నం కూడా ముట్టదు. రాత్రి రెండుసార్లు లేచి నేనే పెద్ద తలుపు తీస్తున్నాను. తీయడం మానేయండి, అదే నేర్చుకుంటుందని కొందరంటున్నారు, ఇంత పిరికి పిల్లికి ఇక రాదని ఇంకొందరు. నిజంగా రాదా? మేం పాడు చేశామా?
– ఒక పాఠకురాలు

జవాబు: వస్తుందండీ. నాలుగేళ్ల పిల్లికి ఇదేం మించిపోయిన వయసు కాదు. ఎత్తి అవతలికి తోయడం మాత్రం పొరపాటే, ఇక ఎప్పుడూ చేయకండి. కానీ అది దిద్దుకోలేని పొరపాటేమీ కాదు, చాలా ఇళ్లలో మొదట జరిగేది అదే.

ముందు ఒక్క విషయం గమనించండి. పెద్ద తలుపు తీసి పట్టుకుంటే చిట్టి వెంటనే వెళ్లిపోతుందా? వెళ్లదు. గడప మీద నిలబడుతుంది, గాలి వాసన చూస్తుంది, చెవులు అటూ ఇటూ తిప్పుతుంది, అప్పుడు కాలు బయట పెడుతుంది. మనకు విసుగొస్తుంది గానీ పిల్లికి ప్రాణరక్షణ అంటే అదే. ఫ్లాప్ ఆ కాస్త సమయాన్నీ లాగేసుకుంటుంది. అవతల ఏముందో తెలియకుండానే తల దూర్చాలి, రెక్క మీసాలకు తగులుతుంది, వీపును రాసుకుంటుంది, తోక దాకా వచ్చి వెనక టక్కుమంటుంది. ధైర్యం ఉన్న పిల్లి రెండు రోజుల్లో ఇదంతా పట్టించుకోవడం మానేస్తుంది. పిరికి పిల్లికి ఈ నాలుగూ నాలుగు వేరు వేరు భయాలు, అందుకే ఒక్కొక్కటిగా పోగొట్టాలి తప్ప అన్నీ ఒకేసారి దాని నెత్తిన పెట్టకూడదు.

తలుపు తీయడం మానేయమన్న సలహా మాత్రం వినకండి. చిట్టి బయటికెళ్లేది మలమూత్రాలకే అయితే అది బిగబట్టుకుని కూర్చుంటుంది, లేదా మూలల్లో పోస్తుంది. భయం, ఒత్తిడి వల్ల పిల్లులకు మూత్రాశయంలో వాపు రావడం పశువైద్యులు తరచూ చూసేదే. నేర్చుకునే దాకా తలుపు తీస్తూనే ఉండండి, ఇంట్లో ఒక లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకు ఇసుకలాంటిది పోసిన డబ్బా) కూడా పెట్టండి, మీకూ రాత్రి కాస్త నిద్ర దొరుకుతుంది. అలాగే తోకను ఒకసారి మెల్లగా తడిమి చూడండి. ముట్టుకోగానే ముడుచుకుంటే, తోక ఎత్తకుండా తిరుగుతుంటే ముందు డాక్టరుకు చూపించాలి. నొప్పి ఉన్నంతకాలం ఏ శిక్షణా ఎక్కదు.

ఇప్పుడు ఫ్లాప్ సంగతి. మొదటి పని ఆ రెక్కను తీసేయడం. చాలా రకాలకు రెక్క ఫ్రేము నుంచి ఊడి వస్తుంది. ఊడకపోతే పూర్తిగా పైకెత్తి గట్టి టేపుతోనో, తలుపు పిడికి తాడుతోనో కట్టేయండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, చెయ్యి నొప్పి పుట్టి ఒక్కసారి జారిందంటే మళ్లీ మొదటికొస్తారు. ఇప్పుడక్కడ ఉన్నది తలుపు కాదు, ఉత్త కంత. దాన్ని అలాగే కొన్ని రోజులు వదిలేయండి, చిట్టిని పిలవొద్దు, చూపించొద్దు. గిన్నెను అది ధైర్యంగా తినేంత దూరానికి జరపండి, అది గది అవతలి మూల అయినా సరే. అక్కడి నుంచి రోజుకు జానెడు చొప్పున దగ్గరికి తెండి. ఒక రోజు మెడ చాచి తింటూ వెనక కాళ్లు దూరంగా పెట్టుకుందంటే ఆ రోజు తొందరపడ్డారని అర్థం, మర్నాడు ఒక జానెడు వెనక్కి జరపండి.

కంత దగ్గర మామూలుగా తినడం మొదలుపెట్టాక, అన్నం వేళకు కాస్త ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, దానికి బాగా ఇష్టమైన తిండి చిన్న చిన్న ముక్కలుగా చేసి ఒకటి కంత అంచున, తర్వాతిది ఫ్రేము మధ్యలో, ఆ తర్వాతిది అవతల పెట్టండి. మీరు అవతలి వైపు నేల మీద కూర్చోండి. నిలబడొద్దు, ఊరికే పేరు పెట్టి పిలవొద్దు, తల బయటికి పెట్టగానే సంతోషం పట్టలేక చెయ్యి చాచొద్దు. ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. తల పెట్టి వెనక్కి పోయినా ఆ రోజుకు అది గెలుపే. తిండికి లొంగని పిల్లులుంటాయి, వాటికి తాడు చివర ఈక కట్టి కంతలోంచి మెల్లగా లాగి చూడండి, వేట మీద ధ్యాస పడితే తాను ఎక్కడ దూరిందో కూడా చూసుకోదు. లోపలికి రావడం ముందు నేర్పండి. బయటికి పోవడం కంటే ఇంట్లోకి రావడమే పిరికి పిల్లికి సులువు, ఎందుకంటే తెలిసిన చోటికి వస్తోంది కదా.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, కంతలోంచి హాయిగా తిరుగుతోంది కదా అని మర్నాడే రెక్క బిగించేయడం. మధ్యలో ఇంకో మెట్టు ఉంది. పల్చటి మెత్తటి గుడ్డను కంత పైఅంచుకు అంటించి, కింద నుంచి నాలుగు చీలికలు చేసి వేలాడదీయండి. మొదట సగం వరకే, తర్వాత పూర్తిగా. ముఖానికి, వీపుకు ఏదో తగులుతుంది, కానీ బరువు లేదు, చప్పుడు లేదు. మా ఇంట్లో పిరికి ముసలి పిల్లికి అసలు దారి తెరిచింది ఈ గుడ్డే. రెక్కతో నెల రోజులు బతిమాలినా కదలనిది, గుడ్డకు అలవాటుపడ్డాక రెక్క కింద ముక్కు పెట్టి నెట్టింది. మొత్తం మీద దానికి తొమ్మిది వారాలు పట్టింది, అందుకని మీ రెండు నెలలు చూసి బెంగపడకండి.

గుడ్డ తర్వాత రెక్క. దాన్ని బట్టల క్లిప్పులతో సగానికి పైగా ఎత్తి ఉంచండి, రెండు మూడు రోజులకోసారి కాస్త కాస్త దించండి. చివరికి నాలుగు వేళ్ల సందు మిగిలినప్పుడు పిల్లి ముక్కుతో ఎత్తక తప్పదు, నెట్టడం నేర్చుకునేది అక్కడే. కొన్ని పంజాతో గీకి లాక్కుంటాయి, దాన్నీ మాన్పించొద్దు. రెక్క కింద ఉండే అయస్కాంతం పట్టు పిరికి పిల్లికి గట్టిగా అనిపిస్తుంది, దాని మీద రెండు మూడు పొరలు టేపు వేస్తే పట్టు తగ్గుతుంది, చప్పుడు కూడా. ఆ టక్కు శబ్దానికి విడిగా అలవాటు చేయండి. చిట్టి ఇంకో గదిలో తింటున్నప్పుడు ఇంట్లో ఎవరైనా రెక్కను ఒకటి రెండుసార్లు మెల్లగా ఆడిస్తే చాలు, అది తల ఎత్తి చూసి మళ్లీ తినేంత దూరంలో.

మీది మైక్రోచిప్ (ఏ పిల్లో గుర్తించడానికి దాని ఒంట్లో పెట్టే చిన్న చిప్) చదివి తెరుచుకునే రకమా అన్నది రాయలేదు. అయితే ఒక చిక్కుంది. చిప్ ఉండేది భుజాల మధ్య చర్మం కింద. పిల్లి తల బాగా లోపలికి పెడితే గానీ యంత్రం దాన్ని చదవలేదు, చదివాక గడియ వదలడానికి మరో క్షణం. పిరికి పిల్లి ముక్కు ఆనించి, కదలకపోయేసరికి వెనక్కి పోతుంది. ఇది గోడ అని దాని మనసులో పడిపోతుంది. అందుకని మామూలు రెక్కలా తిరగడం పూర్తిగా వచ్చే దాకా గడియ పడకుండా ఉంచండి, చివర్లో మాత్రమే చిప్ పని మొదలుపెట్టండి.

ఇంకో రెండు చూడండి. రెక్క అడుగు అంచు చిట్టి నిలబడినప్పుడు దాని పొట్ట ఎత్తులో ఉండాలి. లోపల సరిగ్గా ఉన్నా బయట నేల పల్లంగా ఉంటే దిగేటప్పుడు దూకాల్సి వస్తుంది, అక్కడ ఒక వెడల్పాటి పలక వేయండి. రెండోది, నా లెక్కలో ఇది అన్నిటికంటే పెద్దది, బయట ఇంకో పిల్లి ఉందా? రెక్క అద్దంలా ఉంటే అవతల కూర్చుని గుడ్లప్పగించి చూసే పిల్లి చాలు, మీ వారాల కష్టం నీళ్లపాలు కావడానికి. చిట్టి రెక్క వాసన పదే పదే చూసి వెనక్కి తగ్గుతుంటే, తలుపు దగ్గర మూత్రం పోస్తుంటే అనుమానించండి. రెక్క మీద మసక కాగితం అంటించండి, బయట అటూ ఇటూ నాలుగైదు మొక్కల కుండీలు పెట్టండి. బయటికి రాగానే బయలులో నిలబడాల్సిన పని లేకుండా కుండీ చాటున ఆగి చుట్టూ చూసుకుంటుంది, పైన చెప్పానే, గడప మీద దానికి కావాల్సిన ఆ కాస్త సమయం అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: మా రెండు పిల్లుల్లో పెద్దది ఫ్లాప్ వాడుతుంది. చిన్నది పెద్దదాని తోక పట్టుకున్నట్టు వెనకే దూరుతుంది, ఒంటరిగా మాత్రం వెళ్లదు. రాత్రి ఫ్లాప్ లాక్ చేద్దామంటే దానికి ఉన్న కాస్త అలవాటూ పోతుందేమో అని టెన్షన్.
– ఇంకో పాఠకుడు

జవాబు: వెనకే దూరడం మంచి మొదలే, రెక్క తగలడం దానికి అప్పుడే అలవాటైపోయింది. ఇక దానికి రావాల్సింది నెట్టడం ఒక్కటే. పెద్దదాన్ని వేరే గదిలో ఉంచి, రెక్కను క్లిప్పులతో ఎత్తి పైన చెప్పినట్టే కొద్దికొద్దిగా దించండి, గుడ్డ మెట్టు మీకు అక్కర్లేదు. లాక్ విషయంలో మీ భయం నిజమే, నిన్నటిదాకా కదిలిన రెక్క ఇవాళ తలకు కొట్టుకుంటే పిరికి పిల్లి మళ్లీ నమ్మదు. అందుకని రెండూ లోపలికి వచ్చాయని చూసుకున్నాక, లాక్ చేసిన ప్రతిసారీ రెక్క ముందు ఒక అట్టో చెక్కో నిలబెట్టండి, పొద్దున లాక్ తీయగానే దాన్నీ తీసేయండి. చెక్క ఉంటే దారి లేదని, లేకపోతే ఉందని కొన్నాళ్లలో రెండింటికీ తెలిసిపోతుంది.