తాకి చూసే లెక్కలు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గరి ఉన్నత పాఠశాల. నిరుడు గణిత ప్రదర్శన పెట్టి, శాస్త్రవేత్తల చిత్రాలు, సూత్రాల చార్టులు గది నిండా అతికించాము. తల్లిదండ్రులు తమ పిల్లల పేరు ఏ చార్టు కింద ఉందో చూసుకొని వెళ్లిపోయారు. లెక్కలు రాని వారిని సైతం కాసేపు నిలబెట్టగల ప్రదర్శన మా బోటి వారికి సాధ్యమేనా? – గణిత ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

జవాబు: సాధ్యమే, కాకపోతే చార్టులను చాలావరకు గోడ దించవలసి ఉంటుంది. పారిస్‌లోని పలే ద లా దెకువెర్త్ ప్రదర్శనశాలలో ఒక గుండ్రని గది గోడ మీద 1937లో π (పై, అంటే వృత్తం చుట్టుకొలత వ్యాసానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) విలువను, పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల గణితజ్ఞుడు విలియం షాంక్స్ గణించిన 707 దశాంశ స్థానాల వరకు రాయించారు. షాంక్స్ లెక్క 528వ స్థానం దగ్గరే తప్పిందని 1940లలో తేలింది, గోడను 1949లో దిద్దారు. అన్నేళ్లూ ఆ అంకెలను తలెత్తి చూసిన వారికి అనుమానం రాకపోవడంలో వింత లేదు, గోడ మీది అంకెతో చూపరికి పని ఏముంటుంది? జర్మనీలోని గీసెన్ పట్టణంలో 2002లో తెరిచిన మాథెమాటికుమ్ అనే గణిత ప్రదర్శనశాలలో ప్రతి వస్తువునూ చేత్తో పట్టి చూడవచ్చు. మీరు ఆ దారినే పట్టండి.

అర మీటరు వ్యాసం గల చెక్క చక్రం అంచున చిల్లు పెట్టి, అందులో సుద్దముక్క బిగించి, గోడకు ఆనించిన ప్లైవుడ్ పక్కన నేల మీద దొర్లించండి. సుద్ద గీసే కమానే సైక్లాయిడ్. దాని అడుగు పొడవును టేపుతో కొలిస్తే సుమారు 157 సెంటీమీటర్లు, అంటే వ్యాసానికి π రెట్లు వస్తుంది. ఆ కమానులో సగాన్ని తలకిందులు చేసి వడ్రంగి చేత జారుడుబాట కోయించి, అవే రెండు కొసలను కలిపే తిన్నని బాటను పక్కనే పెట్టించండి. ఒకే సైజు ఇనుప గుండ్లు రెండింటిని ఒక్క అడ్డుచెక్కతో ఆపి, ముందుగా చూపరుల చేత పందెం కట్టించి, ఆ తరువాతే అడ్డు తీయండి. చాలామంది దగ్గరి దారి కదా అని తిన్నని బాట మీదే కడతారు. వంపు బాట పొడవైనదే, అయినా మొదట్లోనే నిటారుగా దిగి వేగం అందుకోవడం వల్ల దాని గుండే ముందు చేరుతుంది. తేడా సెకనులో పదో వంతే గనుక, కంటితో కాక చెవితో తెలిసేలా చివర రేకు ముక్కలు కట్టండి. ఏ దారిన జారితే అన్నిటికన్నా త్వరగా చేరతామన్న ఈ ప్రశ్ననే స్విస్ గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ 1696లో ఐరోపా గణితజ్ఞులకు సవాలుగా విసిరాడని రెండు వాక్యాల చీటీ పెట్టవచ్చు గాని, అది బాట వెనుక వైపు ఉండాలి.

ఇక మీ ఊరి పక్కనే తయారయ్యే వీణను మరిచి, ప్రదర్శన వస్తువుల కోసం పట్నానికి పోవడం నాకు విడ్డూరంగానే తోస్తుంది. తీగ ఆనే రెండు చోట్లయిన మేరువు (మెడ కొసన) నుంచి గుర్రం (కుండ మీద) దాకా తీగను కొలిపించండి. పన్నెండో మెట్టు ఇంచుమించు సగం దగ్గర ఉంటుంది, అక్కడ నొక్కి మీటితే పై స్థాయి షడ్జం (స) పలుకుతుంది. ఏడో మెట్టు దగ్గర నొక్కితే మిగిలే తీగ దాదాపు మూడింట రెండు వంతులు, అది పంచమం (ప). పనసకర్ర తొలిచి, మైనం మీద చెవితో మెట్లు కూర్చే వీణ పనివారిని ఆ రోజుకు పిలిచి బల్ల పక్కన కూర్చోబెట్టండి. టేపు మాత్రం చూపరి చేతిలోనే ఉండాలి, కొలత చెప్పవలసిందీ వారే.