6-ఏపీఏ (పెనిసిలిన్-జి నుంచి తీసే, ఇతర పెనిసిలిన్ మందులకు మూలమైన పదార్థం) బ్యాచ్ టైమ్ పెరుగుతోంది, దిగుబడి తగ్గింది. ఎంజైమ్ పూసలు మార్చేయాలా?

వెంటనే మార్చకండి. ముందు లాగ్ షీట్ తీసి అమ్మోనియా లెక్క చూడండి.

పూసల్లో ఉండే ఎంజైమ్ పెనిసిలిన్ ఎసైలేజ్. అది ఒక పెన్-జి (పెనిసిలిన్-జి) అణువును విడగొడితే 6-ఏపీఏతో పాటు ఒక ఫినైల్ ఎసిటిక్ యాసిడ్ అణువు బయటికొస్తుంది. పీహెచ్ 8 దగ్గర నిలవాలంటే సరిగ్గా అంతే క్షారం, అంటే అమ్మోనియా, పడాలి. పెన్-జి పొటాషియం అణుభారం 372.5 కాబట్టి, స్వచ్ఛమైన సరుకైతే కిలోకి 1 నార్మల్ అమ్మోనియా 2.68 లీటర్లు పట్టి ఆగాలి.

మొదటి నుంచీ అమ్మోనియా నెమ్మదిగా పడుతోందా? ఉష్ణోగ్రత 28-30 డిగ్రీలుందో లేదో, పీహెచ్ ప్రోబ్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడండి. రెండూ బాగుంటేనే పూసల యాక్టివిటీ పడిపోయిందని అనుకోవాలి. మొదట్లో చురుగ్గా సాగి చివర్లో నత్తనడక నడిస్తే పెన్-జి గాఢత ఎక్కువైనట్టు. పుట్టిన యాసిడే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. 8 శాతానికి దించి చూడండి.

అసలు భయపడాల్సింది లెక్క దాటాక కూడా అమ్మోనియా పడుతూనే ఉంటే. పెనిసిలిన్‌కి గుండెలాంటి బీటా-లాక్టమ్ ఉంగరం తెగితే కొత్తగా ఇంకో ఆమ్ల గుంపు పుడుతుంది, దానికీ క్షారం కావాలి. అంటే మీ దిగుబడే కరిగిపోతోంది. ప్రోబ్ తక్కువ చూపిస్తే క్షారం ఎక్కువ పడుతుంది. గాఢ అమ్మోనియా ఒకేచోట పడినా అక్కడ పీహెచ్ ఎగబాకుతుంది. పలచగా చేసి, కలియబెట్టే రెక్క దగ్గర వదలండి. ఇవన్నీ సరిగ్గానే ఉంటే పెనిసిలినేజ్ (ఆ ఉంగరాన్ని తెంచే ఎంజైమ్) చేసే బ్యాక్టీరియా చేరిందేమో చూడాలి. ఎంజైమ్ కలపని పెన్-జి ద్రావణాన్ని అదే పీహెచ్‌లో, అదే ఉష్ణోగ్రతలో గంటసేపు ఉంచండి. అది కూడా గట్టిగా క్షారం తాగుతుంటే తప్పు పూసలది కాదు.

రియాక్షన్ బాగానే ఉండి, కింది జల్లెడ నుంచి ద్రావణం దిగడం ఆలస్యమైతే పూసలు నలిగి పొడి అవుతున్నట్టు. స్టిరర్ వేగం తగ్గించండి, పూసలు తేలేంత ఉంటే చాలు. దించిన ద్రావణాన్ని వెంటనే చల్లార్చండి, నిల్వ ఉంటే 6-ఏపీఏ పాడవుతుంది.

పూసల్ని బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఫాస్ఫేట్ బఫర్‌తో కడిగి, తడి ఆరనీయకుండా 4-8 డిగ్రీల్లో ఉంచండి. గడ్డకట్టనివ్వకండి. ఒకప్పుడు ఇదే పనికి మైనస్ 40 డిగ్రీల చలి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, డైక్లోరోమీథేన్ కావాల్సి వచ్చేవి. ఇప్పుడు నీళ్లలో, గది వేడిలో చేసేస్తున్న ఎంజైమ్ ఇది, ఆ మాత్రం జాగ్రత్త దానికి న్యాయమే.