సోషల్ పుస్తకం ముట్టని పిల్లవాడి గురించి చెల్లెలికి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెమ్మకు అక్కయ్య ఆశీస్సులు.

తొమ్మిదో తరగతిలో లెక్కల్లో అందరికన్నా ముందుండే మీవాడు సోషల్ పుస్తకం మాత్రం ముట్టడం లేదని, ఐఐటీకి అదెందుకని ఎదురు అడుగుతున్నాడని రాశావు. విజయవాడలో హైస్కూలు మొదలైనప్పటి నుంచీ ఫౌండేషన్ కోర్సుల మాటలే వింటూ పెరిగే పిల్లలకు ఆ ఆలోచన రావడం సహజం కనుక వాడిని బద్ధకస్తుడని అనవద్దు. పదో తరగతిలో సోషల్‌కూ లెక్కలకూ చెరో 100 మార్కులేనని ఒక్కసారి చెప్పి ఊరుకో. రోజూ అదే మాట వింటే వాడికి విసుగు పెరుగుతుంది.

గుంటూరులో ఇన్నేళ్లు సోషల్ చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఈ సబ్జెక్టు మీద అయిష్టం చాలావరకు బట్టీ వల్లే పుడుతుంది. లెక్కల రుచి తెలిసిన పిల్లవాడు ప్రతిదానికీ కారణం వెతుకుతాడు, గైడులోని బిట్లలో వాడికది దొరకదు. అందుకని నదుల పాఠాన్ని పుస్తకంతో మొదలుపెట్టకు. 2024 సెప్టెంబరు వరదలో మీ విజయవాడ సింగ్‌నగర్ ఎందుకు మునిగిందో తెల్లకాగితం మీద గీసి చూపించమని వాడినే అడుగు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు వాగు కొల్లేరు సరస్సుకు ఏ దారిన పోతుందో, దాని వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ గట్టుకు గండ్లు పడితే నీరు ఎటు తిరుగుతుందో, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతున్నప్పుడు ఆ కాలువ నీరు నదిలోకి ఎందుకు సులువుగా దిగదో గీసేసరికి, పరీవాహక ప్రాంతమంటే, అంటే ఒక నదికి నీరు వచ్చి చేరే నేలంతా, ఏమిటో వాడే నీకు చెబుతాడు. క్యూసెక్కంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లని చెప్పి, మిగతా లెక్క వాడికి వదిలెయ్యి.

ఆ తరువాత ఒక ఆదివారం ఇద్దరూ బ్యారేజీ మీద నడవండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగడం, దాని బదులు 1957 నాటికి ఈ బ్యారేజీ రావడం అక్కడ నిలబడి వింటే చరిత్రకు, భూగోళానికి ఉన్న సంబంధం తెలుస్తుంది. నగరంలో విడిపోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలను ఇంటికి వచ్చాక అట్లాసులో వెతకమను. పటం గుర్తింపు మీద భయం పోవడానికి నేను చూసినంతలో ఇంతకన్నా మంచి దారి లేదు. పౌరశాస్త్రానికి రోజూ పేపరు చదివితే చాలు.

చదువుకు రాత్రి భోజనం తరువాతి వేళ పెట్టకు, అప్పటికి వాడు అలసిపోయి ఉంటాడు. సాయంత్రం లెక్కలు ముగించిన ఉత్సాహంలోనే అరగంట సోషల్ చదివించి, చదివింది నీకు చెప్పమను. మధ్యలో తప్పు పట్టకుండా చివరిదాకా విను. మార్కులు వస్తే ఫోను కొనిస్తామని మాత్రం ఆశ పెట్టవద్దు, ఫోను చేతికి వచ్చిన మరునాడే పుస్తకం పక్కకు పోతుంది.

యూనిట్ పరీక్ష జవాబు పత్రం ఇంటికి వచ్చినప్పుడు మార్కులకన్నా ముందు, వాడు సొంత మాటల్లో రాసిన జవాబు ఒక్కటైనా ఉందేమో చూడు. ఉంటే ఆ పేజీని నాకు వాట్సాప్‌లో పంపు, వాడికి నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

మీ అక్కయ్య