‘బట్టలు తొడుక్కున్న మృగం’ ఒకప్పుడు పొగడ్తేనా?

ప్రశ్న: చైనా సీరియల్స్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తుంటాను. ఒక సీన్‌లో ఒక అమ్మాయి తనను మోసం చేసిన పెద్దమనిషిని నిలదీసి నాలుగే అక్షరాల్లో తిట్టింది, కింద ‘మృగం’ అని వేశారు. వెతికితే అది ‘యీగ్వాన్ ఛిన్‌షౌ’ అనే నానుడి అని తెలిసింది. ఒకప్పుడు అది పెద్ద ఉద్యోగులను పొగిడే మాట అనీ, వాళ్లు చెడిపోయాక తిట్టయిందనీ చాలాచోట్ల రాశారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. ఆ కథలో బట్టల సంగతి నిజం. పొగడ్త సంగతి మాత్రం నేను నమ్మను.

ముందు మాట విప్పి చూద్దాం. యీ అంటే బట్టలు, గ్వాన్ అంటే తలమీద పెట్టుకునే టోపీ. ‘అర్‌యా’ అనే వాళ్ల పాత నిఘంటువు ప్రకారం రెండు కాళ్లు, ఈకలు ఉన్నది ఛిన్, నాలుగు కాళ్లు, వెంట్రుకలు ఉన్నది షౌ. అంటే పక్షులు, మృగాలు.

ఇక బట్టల సంగతి. మింగ్ వంశాన్ని స్థాపించిన హుంగ్‌వూ చక్రవర్తి 1391లో ఉద్యోగుల అంగీల మీద హోదాను బట్టి ఏ బొమ్మ ఉండాలో ఖాయం చేశాడు. ఛాతీ మీదా వీపు మీదా చతురస్రంగా ఒక పెద్ద పట్టీ, దాని మీద రంగురంగుల దారాలతో కుట్టిన బొమ్మ. పాలనా ఉద్యోగులకు పక్షులు, సైనికాధికారులకు జంతువులు. పాలనలో మొదటి శ్రేణివాడికి సారసపక్షి, మూడో శ్రేణికి నెమలి, ఆరుకు తెల్లకొంగ, అలా దిగుతూ దిగుతూ తొమ్మిదో శ్రేణికి కౌజు పిట్ట. సైన్యంలో పైన సింహం, తర్వాత పులి, చిరుత, ఎలుగుబంటి. నీ హోదా ఏంటని ఎవరూ అడగక్కర్లేదు, ఛాతీ చూస్తే చాలు. బట్టల మీద పక్షులూ మృగాలూ అక్షరాలా ఉన్నాయి కాబట్టి, ఈ నానుడి అక్కడే పుట్టిందని కథ అల్లుకోవడం చాలా తేలిక.

కానీ ‘ఛిన్‌షౌ’ అప్పటికే ఘోరమైన తిట్టు. క్రీ.పూ. 4వ శతాబ్దపు చైనా తత్వవేత్త మెన్షియస్ ఈ మాటను పదేపదే వాడాడు. కడుపునిండా తిని, వెచ్చగా బట్టలు కట్టి, సుఖంగా ఉంటూ మంచీచెడూ నేర్చుకోనివాడు ఛిన్‌షౌకు దగ్గరైపోతాడన్నాడు. చూశారా, బట్టలూ పశుత్వమూ ఒకే వాక్యంలో, మింగ్ వంశం రావడానికి పదహారు వందల ఏళ్లకు పైగా ముందే! ఆయన మాటలు కంఠస్థం చేసి పరీక్షలు రాసి ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లను అదే మాటతో పొగిడితే ఊరుకుంటారా? పైగా మింగ్ కాలంలోనే చెన్ రుయువాన్ రాసిన నాటకంలో ఒక పాత్ర, అందరూ నన్ను యీగ్వాన్ ఛిన్‌షౌ అని తిడుతున్నారని వాపోతుంది.

నా దృష్టిలో ఈ నానుడి బరువంతా టోపీలో ఉంది. పాత చైనాలో ఇరవయ్యో ఏట అబ్బాయికి టోపీ పెట్టే వేడుక చేసేవాళ్లు, దాంతో వాడు పెద్దవాడైనట్టు లెక్క. కన్ఫ్యూషియస్ శిష్యుడు జిలూ క్రీ.పూ. 480లో ఒక పోరులో చిక్కుకున్నాడు. శత్రువు ఆయుధం తగిలి అతని టోపీ తాళ్లు తెగిపోయాయి. చావు ఎదురుగా ఉన్నా, ఉత్తముడు చనిపోయేటప్పుడు కూడా టోపీ తీయకూడదంటూ ఆగి తాళ్లు కట్టుకున్నాడు, అలాగే చనిపోయాడు. (ఈ ఘట్టం ఎప్పుడు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.) అలాంటి టోపీ పెట్టుకున్నవాడి లోపల మనిషే లేడనడం కంటే పెద్ద తిట్టు ఏముంటుంది? క్రీ.పూ. 206లో రాజధాని షియెన్‌యాంగ్‌ను తగలబెట్టిన చూ దేశపు సేనాని షియాంగ్ యూను, చూ దేశంవాళ్లు టోపీ పెట్టుకున్న కోతులంటారు, నిజమే అని ఒకడు అన్నాడు. షియాంగ్ యూ వాణ్ణి సలసల కాగే నీళ్లలో వేయించాడు.

బొమ్మల అంగీలు ఈ తిట్టుకు పదును పెట్టి ఉంటాయి, అంతవరకు ఒప్పుకుంటాను. 1620లలో వే జుంగ్‌షియెన్ అనే నపుంసకుడు రాజభవనం లోపలి నుంచే దేశాన్ని ఆడించాడు. పెద్ద పెద్ద ఉద్యోగులు అతను బతికుండగానే గుళ్లు కట్టించి మొక్కారు. ఆ గుంపులోవాళ్లను జనం ‘ఐదు పులులు’, ‘పది కుక్కలు’ అని పిలిచేవాళ్లు. ఛాతీ మీద నెమలి ఉన్నవాణ్ణి కుక్క అంటున్నారంటే ఎంత కడుపు మండి ఉంటుందో ఆలోచించండి.

మనకు ‘మేకవన్నె పులి’ ఉంది కదా, అదే ఇదీ అని కొందరు అనువదిస్తారు. రెండూ ఒకటి కాదు. మేకవన్నె పులి వేషం దొంగది. యీగ్వాన్ ఛిన్‌షౌ వేసుకున్న బట్టలు అసలైనవే, హోదా నిజమైనదే, లోపల మనిషే లేడు. అందుకే ఇప్పటికీ దీన్ని రౌడీల మీద కంటే పరువున్న కుర్చీలో కూర్చుని తప్పుడు పని చేసే టీచర్, డాక్టర్, ఆఫీసర్ లాంటివాళ్ల మీదే ఎక్కువగా వాడతారు. మీరు చూసిన సబ్‌టైటిల్‌లో మృగం మిగిలింది, బట్టలు పోయాయి. నేనైతే ‘సూటు వేసుకున్న పశువు’ అని రాసేవాణ్ణి.