ఖాళీ సీటు కేసు గురించి రాసేముందు

తమ్ముడూ,

ఉప ఎన్నికల కేసు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "ఉప ఎన్నికల రాజ్యాంగబద్ధత కోర్టులో తేలనుంది" అని మొదటి వాక్యంలోనే రాసేశావు, పిటిషనర్ అసలు ఏం అడిగాడో మాత్రం ఎక్కడా లేదు. చట్టమే చెల్లదంటున్నాడా, చట్టం సరైనదే గానీ ఎన్నికల సంఘం దాన్ని పాటించలేదంటున్నాడా? రెండూ వేరువేరు కేసులు. పిటిషన్ చివర్లో కోర్టును ఏం కోరుతున్నారో ఉంటుంది, ముందు అది చదువు.

తర్వాత ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఏ సెక్షన్ దగ్గర పెట్టుకో. 1996లో చేర్చిన చిన్న సెక్షన్. సీటు ఖాళీ అయిన ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక జరపాలి. మిగిలిన పదవీకాలం ఏడాది కన్నా తక్కువైతే అక్కర్లేదు, ఆ గడువులో జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్రంతో సంప్రదించి ధ్రువీకరించినా అక్కర్లేదు. గొడవంతా ఈ రెండు మినహాయింపుల దగ్గరే. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక హోదా కోసం ఐదుగురు వైఎస్సార్‌సీపీ ఎంపీలు రాజీనామా చేశారు గుర్తుందా, వాటి ఆమోదం జూన్ దాకా సాగింది, లోక్‌సభ గడువేమో 2019 జూన్ 3తో సరి, ఏడాదికి కొద్ది రోజులు తగ్గాయి, ఉప ఎన్నికలు రాలేదు. మేలో ఖాళీ అయిన కర్ణాటక సీట్లకు మాత్రం నవంబర్‌లో పోలింగ్ జరిగింది. ఆ తేదీలు పక్కపక్కన పెట్టు, పాఠకుడికే అర్థమవుతుంది.

పుణెకి ఒక్క వాక్యమే ఇచ్చావు, నాకు అదే బాధ. 2023 మార్చిలో అక్కడి ఎంపీ గిరీశ్ బాపట్ చనిపోయారు. అప్పటికి సభకు ఏడాదికి పైగా గడువుంది. అయినా సార్వత్రిక ఎన్నికల ఏర్పాట్లలో ఉన్నామని, గెలిచినవాళ్లకు కొద్దికాలమే మిగులుతుందని సంఘం ఎన్నిక పెట్టలేదు. ఒక ఓటరు కోర్టుకెళ్తే డిసెంబర్‌లో బాంబే హైకోర్టు వెంటనే ఎన్నిక జరపమంది, 2024 జనవరిలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. నువ్వు "కొట్టేసింది" అని రాశావు. కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను, ఒక సీనియర్ లాయర్ ఫోన్ చేసి చెప్పేదాకా తెలియలేదు. స్టే అంటే ఆదేశం అమలు ఆగినట్టే, తప్పని తేల్చినట్టు కాదు.

ఏడాదికి పైగా పుణె ఓటర్ల తరఫున లోక్‌సభలో ఎవరూ లేరు. ఎంపీతో పని పడినవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లారో అడుగు, ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడినా చాలు. ఆ మాటలు చేర్చి మళ్లీ పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.