కార్డు లిమిట్ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్ నిజాంపేటలో సొంత ఫ్లాట్ ఉంది. జీతం చేతికి 1.35 లక్షలు వస్తుంది. ఇంటి రుణం ఇంకా 38 లక్షలుంది, ఈఎంఐ 42,000. ఇంటి ఖర్చు 45,000, ఇద్దరు పిల్లల ఫీజులు నెల లెక్కన 15,000, అమ్మానాన్నల మందులు 6,000, మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలవారీ పెట్టుబడి) 10,000. ఎఫ్‌డీ 1.5 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 60 వేలు ఉన్నాయి. మార్చిలో బోనస్ 3 లక్షల దాకా చేతికొస్తుంది. బీమా అంతా కంపెనీదే. పాటలు వినడానికి 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవున్న గది కేటాయించుకున్నాను. ఫ్లోర్‌స్టాండింగ్ (నేల మీద నిలబెట్టే పొడవాటి టవర్) స్పీకర్ల జత 6 లక్షలు, యాంప్లిఫయర్ 2.5 లక్షలు, కేబుళ్లు వగైరా 50 వేలు. ఐదేళ్లకు 14 శాతం వడ్డీతో 9 లక్షల పర్సనల్ లోన్ ముందే మంజూరై ఉంది. 25 వేలు అడ్వాన్సు కట్టాను. సిప్ ఆపేస్తే ఈఎంఐ కట్టగలను. అవసరమొస్తే 5 లక్షల కార్డు లిమిట్ ఎలాగూ ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. స్పీకర్లు వద్దని కాదు, ఈ లోన్ వద్దు. ‘కార్డు లిమిట్ ఎలాగూ ఉంది’ అన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు భయం కలిగించిన మాట అదే. మంచి జీతాలున్న ఇళ్లలో ఈ ధీమా ఎక్కువగా కనిపిస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 9 లక్షలకు ఈఎంఐ దాదాపు 20,940 పడుతుంది. ఐదేళ్లలో కట్టేది 12.56 లక్షలు, అందులో వడ్డీ 3.56 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దానిపై జీఎస్టీ పట్టుకుంటే మీ ఖాతాలో పడేది 8.79 లక్షలే. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 17,000. అంటే సిప్ ఆపితే తప్ప ఈ ఈఎంఐ కుదరదు. ఆపినా చేతిలో 6,000 మిగులుతుంది. ఫ్రిజ్ పాడైనా, ఊళ్లో ఒక పెళ్లి వచ్చినా మీరు గీకేది కార్డే.

ఉద్యోగం మూణ్నెల్లు లేదనుకోండి. ఈ లోన్ చేరాక ఇంటికి నెలకు కావాల్సింది 1.29 లక్షలు. ఉన్నది 2.1 లక్షలు. రెండు నెలలు కూడా నిండవు. అప్పుడు కార్డు మీదికి వెళితే ఏడాదికి 40 శాతం అటూ ఇటూగా వడ్డీ. మినిమమ్ డ్యూ (బిల్లులో కనీస మొత్తం) మాత్రమే కడుతూ పోతే తీసుకున్న అసలు అప్పు పెద్దగా తగ్గదు. ఇంకో సంగతి, కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. బ్యాంకు దాన్ని ఎప్పుడైనా తగ్గించవచ్చు. ఒక్క ఈఎంఐ తప్పి సిబిల్ స్కోరు పడితే, మీకు అత్యవసరమైన ఆ నెలలోనే కోత పడొచ్చు. ముందే మంజూరైన లోన్ కూడా అంతే. జీతం పడుతున్నంత కాలమే ఆ ఆఫర్ కనిపిస్తుంది.

మీకు ఆరు నెలల ఖర్చు, ఇంటి ఈఎంఐతో కలిపి, 6.5 లక్షలు విడిగా ఉండాలి. ఇందులో సిప్ డబ్బు లెక్కలోకి రాదు. మార్కెట్ పడిన రోజుల్లోనే ఉద్యోగాలూ పోతుంటాయి. ఒక నెల ఖర్చు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జతయ్యే ఎఫ్‌డీ), మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి, చాలు.

బీమా విషయంలోనూ ఇదే పొరపాటు. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. రాజీనామా చేశాక అమ్మానాన్నలకు కొత్త పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. ఆ గడువు గడియారం ఈరోజే మొదలవ్వాలి. పెద్దవాళ్లిద్దరికీ విడిగా ఒక పాలసీ, మీ నలుగురికీ కలిపి ఒక ఫ్లోటర్ (కుటుంబమంతా పంచుకునే ఆరోగ్య పాలసీ) తీసుకోండి. మందులు వాడుతున్న ప్రతి జబ్బూ ప్రపోజల్ ఫారంలో రాయండి. దాచిన జబ్బు క్లెయిమ్ రోజు బయటపడుతుంది. మీ పేరున టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే డబ్బిచ్చే జీవిత బీమా) 2 కోట్లకు తగ్గకూడదు: ఇంటి రుణం 38 లక్షలు, నెలకు 66,000 చొప్పున 15 ఏళ్ల ఖర్చు 1.19 కోట్లు, మిగతాది పిల్లల పైచదువులకు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి సాకు కూడా లేదు. వీటన్నిటికీ నెలకు 10,000 పక్కన పెట్టండి.

ఇక స్పీకర్లు. మీ గది కొలతలు చూస్తే, డబ్బు చేతిలో ఉన్నా ఆ జత వద్దనే చెబుతాను. 13 అడుగుల పొడవుకు 43 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య చిక్కుకుని ఉబ్బుతుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. 30 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద స్పీకర్ సరిగ్గా అక్కడే గదిని మోగిస్తుంది. ఒక స్వరం గుయ్‌మంటుంది, పక్క స్వరం వినపడదు. వెనక పోర్టు (గాలి బయటికొచ్చే రంధ్రం) ఉన్న టవర్‌ను గోడకు కనీసం రెండున్నర అడుగులు ముందుకు జరపాలి. దాని లోతు ఒక అడుగు పైనే. మీరూ వెనక గోడకు ఆనుకుని కూర్చోకూడదు, బేస్ (లోతైన కింది స్వరాలు) ఎక్కువగా పేరుకునేది అక్కడే. ఇవన్నీ తీసేస్తే మీకూ స్పీకర్‌కూ మధ్య ఆరేడు అడుగులే మిగులుతుంది. మూడు నాలుగు డ్రైవర్లు (శబ్దం పుట్టించే గుండ్రటి భాగాలు) ఉన్న పెద్ద టవర్ల శబ్దం ఒక్కటిగా కలిసి వినిపించడానికి ఎనిమిది అడుగులైనా కావాలి.

షోరూంలో ఇది తెలియదు. అక్కడి హాలు పెద్దది, గోడలకు ప్రతిధ్వని తగ్గించే ట్రీట్‌మెంట్ ఉంటుంది, వినిపించే పాటలూ వాళ్లు ఎంచినవే. మీకు కంఠతా వచ్చిన నాలుగు పాటలు తీసుకెళ్లి తక్కువ వాల్యూమ్‌లో వినండి. డెమో జత రెండు రోజులు ఇంటికిస్తారేమో అడగండి. స్పెసిఫికేషన్లలో సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత శబ్దం వస్తుందో), కనిష్ఠ ఇంపెడెన్స్ (స్పీకర్ విద్యుత్ నిరోధం, ఓమ్‌లలో) తప్పకుండా చూడండి. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దానికి యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. ఇంపెడెన్స్ 3 ఓమ్‌లకు పడే స్పీకర్‌ను చిన్న యాంప్లిఫయర్‌తో గట్టిగా మోగిస్తే యాంప్లిఫయర్ క్లిప్ అయి (శక్తి చాలక శబ్దం చెదిరి) ట్వీటర్లు, అంటే పై స్వరాల డ్రైవర్లు, కాలిపోవచ్చు. ఒక స్పీకర్ కొంటే మరో రెండు వస్తువులు కొనాల్సి వచ్చేది ఇలాగే.

ఆ గదికి స్టాండ్ మీద పెట్టే మంచి బుక్‌షెల్ఫ్ జత, 4 ఓమ్‌లకు తట్టుకునే ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ (అన్నీ ఒకే పెట్టెలో ఉండేది), మూలల్లో శబ్దాన్ని పీల్చుకునే 4 అంగుళాల మందం రాక్‌వూల్ ప్యానెళ్లు చాలు. కొలత మైక్ ఒకటి కొని, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే ఏ మూల ఏం చేయాలో తెలుస్తుంది. బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్ కావాలంటే తర్వాత చేర్చుకోవచ్చు.

ఇదంతా అప్పు లేకుండా కుదురుతుంది. సిప్ ఆపొద్దు. మిగిలే 17,000లో 10,000 బీమాకు, 7,000 అత్యవసర నిధికి. వచ్చే మార్చి బోనస్ మొత్తం నిధిలోకే వేయండి, ఉన్న 2.1 లక్షలతో కలిపి 5.1 లక్షలు అవుతుంది. ఆపై ఏడాదిలో మరో 84,000 చేరుతుంది. తర్వాతి మార్చి బోనస్‌లో 56,000 వేస్తే నిధి పూర్తి. మిగిలిన 2.44 లక్షలు మీ సంగీతానికి, నగదుగా. బోనస్ తగ్గితే తగ్గేది స్పీకర్ బడ్జెట్టే, నిధి కాదు.

షాపువాళ్లు వడ్డీ లేని నో-కాస్ట్ ఈఎంఐ అంటారు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. నగదు ధర ఎంతో అడిగితే తేడా మీకే కనిపిస్తుంది. ఇంటి రుణంపై టాపప్‌కు (అదే ఇంటి మీద అదనపు అప్పు) వడ్డీ తక్కువే, కానీ స్పీకర్ల కోసం ఇల్లు ఇంకా తాకట్టు పెట్టకండి. సెకండ్ హ్యాండ్ అయితే వూఫర్ (బేస్ డ్రైవర్) అంచు రబ్బరు, క్యాబినెట్ మూలలు చూసి, వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

అడ్వాన్సు సంగతి ఈ వారమే తేల్చుకోండి. రసీదులో రద్దు షరతు ఏముందో చదివి, డబ్బు వాపసు ఇవ్వమని, కుదరకపోతే తర్వాత కొనే వస్తువుకు సర్దుబాటు చేసి ఆ మాట రాసివ్వమని మెయిల్ పెట్టండి. ఏదీ కుదరక ఆ 25 వేలు పోయినా పోనివ్వండి. దాన్ని కాపాడుకోవడానికి 3.56 లక్షల వడ్డీ కట్టకండి.